ఇంజెక్షన్‌కని పోయి బిళ్ళగన్నేరు సంగతి తెలుసుకుని వచ్చాం

జహీరాబాద్, 1984 జులై 12, గురువారం.

నిన్న మా తమ్ముడు బస్వరాజును ఇంజెక్షన్‌కు హైదరాబాద్ దవాఖానకు తీసుకెళ్లి వచ్చాను. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక నెలనెలా వెళ్తున్నాం. ఇది నాలుగోసారి. ఇదే పనిమీద వెళ్లవలసినవాళ్లు న్యాల్‌కల్ నుంచి, ఝరాసంగం నుంచి వచ్చి నన్ను దారి అడుగుతున్నారు. నోటితో చెబితే సగం మరిచిపోతారు. అందుకే నిన్నటి రోజు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఉదయం ఆరు గంటల బస్సు ఎక్కాం. టికెట్ మనిషికి పది రూపాయల లోపే. ముందు వైపే కూర్చోండి. వెనక చక్రం మీది సీటులో ప్రతి గుంతా ఆపరేషన్ కుట్టుకు తెలుస్తుంది. "అవ్వా, ముందరియి ఆడోళ్ల సీట్లు, ఆయన లేవాలె" అన్నాడు కండక్టర్. "నేను ఆడదాన్నే గద? ఇద్దరి జాగ నాదే అనుకో" అన్నాను. నవ్వి వదిలేశాడు. సదాశివపేటలో బస్సు పది నిమిషాలు ఆగింది. కడుపులో తిప్పుతోందని తమ్ముడు చాయ్ వద్దన్నాడు. తన చేనులో పండించిన అల్లమే, ముక్క ఉప్పద్ది ఇస్తే చప్పరించాడు. తొమ్మిదికి చేరాం. అక్కడ ముందు రక్తం తీస్తారు, ఫలితం వచ్చాకే ఇంజెక్షన్.

పన్నెండింటికి డాక్టరమ్మ పిలిచింది. "తెల్లకణాలు బాగా తగ్గినయ్. ఇయ్యాల సూది ఇయ్యలేను. ఇంకేమన్న మందు వాడుతున్నరా?"

"లేదమ్మా" అన్నాడు తమ్ముడు. నేను నోట్‌బుక్ తెరిచి పెట్టాను. నాలుగు వారాల మాత్రలు, తిండి, జ్వరం, అన్నీ వేళలతో సహా ఉన్నాయి. ఆమె చదివి, "ఇవన్నీ మంచిగనే ఉన్నయ్. మరి ఆకులు, కషాయాలు?" అంది.

అప్పుడు నాకు మా బిళ్ళగన్నేరు గుర్తొచ్చింది. తమ్ముడికి ఇచ్చే మందుల్లో ఒకటి బిళ్ళగన్నేరు నుంచి తీసిందనీ, దాన్ని మిగతా క్యాన్సర్ మందులతో కలిపి ఇస్తారనీ కిందటిసారి ఈమే చెప్పింది. ఇంటికొచ్చి అందరికీ గొప్పగా చెప్పాను. పది రోజులకు మా స్నానాల గది పక్క బిళ్ళగన్నేరు చెట్లు ఆకులన్నీ పోయి మోడులయ్యాయి. పక్కింటి చంద్రమ్మ మేకలే తిన్నాయని వీధిలో నలుగురి ముందూ తిట్టాను. "అమ్మా, మ్యాక దాని మొకం గూడ సూడది" అందామె. నేను వినలేదు.

"బస్వా, ఆ ఆకు ఎవరు తెంపిన్రు?"

తమ్ముడు తల దించుకున్నాడు. "నేనే అక్కా. నెలకొక్కసారి సూదికే గింత గుణమైతే, దినాం తాగితే జల్ది తగ్గుతదనుకున్న. పొద్దుగాల నువ్వు లేవకముందే గుప్పెడు ఉడకవెట్టుకొని తాగిన. అదే మందని నువ్వే చెప్పినవ్ గద!"

డాక్టరమ్మ కోపం చేయలేదు. "పెద్దాయనా, ఆ ఆకుల ఉండేది ఒక్క మందే గాదు, శానా ఉంటయ్. మేము ఒక్కటే తీసి, మనిషిని బట్టి కొలిచి ఇస్తం. నీ గుప్పెట్ల ఎంతున్నదో నాకూ తెల్వదు, నీకూ తెల్వదు. కణాలు సూదితోని తగ్గినయా, కషాయంతోని తగ్గినయా ఇప్పుడు చెప్పలేను. తెల్వక ఇయ్యాల మళ్ల సూది ఇచ్చుంటే ప్రాణం మీదికొస్తుండె." వారం ఆగి రమ్మంది. చికిత్స ఏమీ పాడుకాలేదని కూడా చెప్పింది.

"మరి అల్లం?" అన్నాడు తమ్ముడు, గొంతు తగ్గించి.

"కూరల వేసుకునేటంత తిను."

"నా పంట మీద కేసు లేదక్కా!" ఉదయం నుంచి అప్పుడే నవ్వాడు.

మూడింటి బస్సులో నా భుజం మీద తల పెట్టి ఊరు వచ్చేదాకా నిద్రపోయాడు. ఇంజెక్షన్ లేకుండా తిరిగొచ్చినా నా మనసు నిమ్మళంగానే ఉంది. నేను పెట్టినవన్నీ రాశాను కానీ, తనంతట తాను ఏం తీసుకుంటున్నాడో ఒక్కనాడూ అడగలేదు. అడిగినా చెప్పేవాడు కాదేమో, చిన్నప్పటి నుంచి నేనంటే భయం. వెళ్లేవాళ్లకు నా మాట ఒక్కటే. ఇంట్లో వాడే ఆకు, పొడి, కషాయం ఏదైనా సంచిలో వేసుకుని వెళ్లి, రక్తం ఇచ్చేముందే డాక్టరుకు చూపించండి.

ఇక జరగవలసినవి:

1. తమ్ముడికి రోజుకు రెండుసార్లు జ్వరం చూడాలి. తెల్లకణాలు తగ్గినప్పుడు జ్వరం ప్రమాదమట, వస్తే వారం ఆగకుండా ఆ పూటే బస్సెక్కాలి.
2. నోట్‌బుక్‌లో "నేను సొంతంగా తీసుకున్నది" అని ఇంకో గడి గీయాలి. అది తమ్ముడే రాయాలి. చదివి నేను తిట్టకూడదు.
3. వచ్చే బుధవారం ఆరు గంటల బస్సు.
4. ఈ సాయంత్రం చంద్రమ్మ దగ్గరకు వెళ్లి, తప్పు మేకలది కాదని చెప్పాలి. నలుగురి ముందు తిట్టాను కాబట్టి, నలుగురి ముందే.