తొంభై ఏడు ఆక్టేన్, రెండు లీటర్లు

మా కాటన్‌పేట ఇంట్లో నలుగురు చేరితే చాలు, నేను కారులో పెట్రోలుకు బదులు డీజిలు పోయించి మా మరిది గిరి ఉద్యోగం పోగొట్టానని కథ మొదలెడతారు. శుద్ధ అబద్ధం. నేను పోయించింది ఊళ్ళోకెల్లా మేలైన పెట్రోలు. సర్వనాశనం జరిగిన మాట నిజమే, ఎలా జరిగిందో మాత్రం నేను చెప్తాను వినండి.

దేవనహళ్ళి దగ్గర విమానాశ్రయం కొత్తగా తెరిచిన రోజులు. గిరికి పుణేలో ఇంటర్వ్యూ. మా ఆయన ఊళ్ళో లేడు. డ్రైవింగు నేర్చి మూడు నెలలైన మహారాణిని నేనున్నాను. మా పాత కారు ట్యాంకులో వాసన తప్ప ఏమీ లేదు.

బంకులో రెండు రకాలు. మామూలుది తొంభై ఒకటి ఆక్టేన్, ఖరీదుది తొంభై ఏడు.

"ఈ కారుకు మామూలుదే సరిపోతాదక్కా," అన్నాడు బంకాయన. "కారు పుస్తకంలోనూ అదే రాసుంటారు, చూడండి."

"నేను బీఎస్సీ కెమిస్ట్రీ," అన్నాను. ఆక్టేన్ పాఠం చెప్పిన రోజు నేను క్యాంటీన్‌లో ఉన్న సంగతి ఆయనకెందుకు? "తొంభై ఏడే పోయప్పా. రెండు లీటర్లు."

"రెండేనా? ఎయిర్‌పోర్టుకంటిరి కదా."

"చిక్కటి డికాషనప్పా ఇది. గ్లాసుకు రెండు చెంచాలు చాలు. పల్చటిదైతే కదా సగం గ్లాసు పోసేది."

బంకాయన దిక్కుతోచక గిరివైపు చూశాడు. గిరి టై సర్దుకుంటూ, "వదిన చెప్పేది లాజిక్కే," అన్నాడు.

హెబ్బాళ దాటాక ఆ లాజిక్కుకే చెమటలు పట్టాయి.

"వదినా, సూది కిందికి పోతా ఉండాది."

"సూదికి కొలత తెలుసు గానీ, సత్తువ తెలుసా?"

"అదీ నిజమే."

యలహంక దాటగానే కారు, పెళ్ళిచూపుల్లో పాట పాడమన్న పిల్లలా రెండుసార్లు గొంతు సవరించుకుని, మొండికేసింది. మార్కెట్ నుంచి తిరిగిపోతున్న కొత్తిమీర టెంపోలో గిరిని ఎక్కించాను. అతను చేరేసరికి విమానం గాల్లో ఉంది. ఇంటర్వ్యూ మళ్ళీ పెట్టలేదు.

"ఆక్టేన్ ఎక్కువైతే పెట్రోలు వేళకు ముందే అంటుకోదు, ఇంజను టకటకా కొట్టుకోదు. అంతేగానీ దూరం పెరగదమ్మా," అని మెకానిక్ సాయంత్రం శాంతంగా చెప్పాడు. అప్పటికప్పుడే గ్రీజు వాసన సాక్షిగా ప్రమాణం చేశాను: ఇకమీద నా కాఫీ శాస్త్రాన్ని వంటింటి గడప దాటనివ్వను. కారు పుస్తకంలో ఏది రాస్తే అదే, ట్యాంకు నిండా.

తప్పు నాదే, ఒప్పుకుంటాను. కానీ కథ చెప్పేవాళ్ళంతా ఒక చిన్న సంగతి మింగేస్తారు. గిరి చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. ఇంటర్వ్యూకు పిలిచింది కారు ఇంజన్లు తయారుచేసే కంపెనీ. ఇన్నేళ్ళుగా అడుగుతూనే ఉన్నాను: నేను ఆ మహానుభావుడి ఉద్యోగం పోగొట్టానా, ఆ కంపెనీని కాపాడానా?