మందకు ఆ కొసన చెల్లి, ఈ కొసన నేను

మా చిన్నప్పుడు... ముందు నాయనా నేనూ, మధ్యలో గొర్రెల మంద, ఆ దుమ్ములో ఎక్కడో వెనక మా చెల్లి భాగ్య. యాలాల్ దాటి కందిచేల పక్కనుంచి రోజూ అలాగే పోయేవాళ్ళం. నాయన ఒక చరణం ఎత్తుకునేవాడు, నేను అందుకునేదాన్ని, వెనకనుంచి భాగ్య జవాబు పాడేది.

అది ఊరికే పాట కాదండోయ్! భాగ్య పలికిందంటే వెనక గొర్రెలన్నీ ఉన్నట్టు. పలకలేదంటే ఏదో పిల్ల చేనులో దూరినట్టు, లేదా మా మహాతల్లి గొంగడి కప్పుకుని ఏ గట్టు మీదో కునికినట్టు! జవాబు వినబడితేనే నాయన కదిలేవాడు. "అన్ని ఉన్నయి బిడ్డా, నడువు" అనేవాడు.

మాది ఒగ్గు కథ చెప్పే ఇల్లు. మా గొర్రెలకాపరుల దేవుడు బీరప్ప పండుగకు నాయన డోలు కట్టి కథ ఎత్తుకుంటే, చిన్నాయన వంత పాడేవాడు. వంత లేనిదే ఒగ్గు కథ ముందుకు సాగదు. అలాంటిది చిన్నాయన పని వెతుక్కుంటూ హైదరాబాద్ వెళ్ళిపోయాడు...

"మగపిల్లలు లేకపాయె. ఇగ డోలుకు మొక్కి అటక మీద పెట్టు" అంది నాయనమ్మ.

"నా బిడ్డలు పాడుతరమ్మా" అన్నాడు నాయన.

"ఆడపిల్లలు గంత మందిల నిలబడి పాడుతరా? ఎవరన్న నవ్విపోతరు!"

"తాండూరుల పాటల పోటీ ఉన్నది. నువ్వు గూడ రా. ఆడ పాడకపోతే నువ్వు చెప్పినట్టే డోలు పైన పెడత."

నాకైతే ఆ రాత్రి అన్నం సహించలేదు. డోలు అటకెక్కితే నాయన ఏమైపోతాడోనని ఒకటే దిగులు.

తాండూరులో స్టేజీ ఎక్కాం. ఇద్దరికీ కలిపి ఒకటే మైకు. పక్కపక్కనే, భుజాలు రాసుకుంటూ నిలబడ్డాం. చరణం ఎత్తుకున్నాను... భాగ్య పలకలేదు. నా మొహంలోకి చూసి కిసుక్కున నవ్వింది. మళ్ళీ ఎత్తుకున్నాను. ఈసారి గుడ్లనిండా నీళ్ళు తెచ్చుకుంది. పాపం, దాని తప్పేముంది? అంత దగ్గర నిలబడి మేం ఎన్నడూ పాడి ఎరగం!

"ఇగ చాలు, దిగుండ్రి పిల్లలూ" అన్నాడు మైకు దగ్గరి సారు. నాయనమ్మ కొంగు సర్దుకుని లేవబోయింది.

అప్పుడు జనం వెనకాల నిలబడ్డ నాయన, మంద దగ్గర పిలిచినట్టే గట్టిగా కేకేశాడు. "భాగ్యా... ఎనకకు రాయే!"

అంతే! అది స్టేజీ మీంచి ఒక్క దూకు దూకి, జనం మధ్యలోంచి పరుగెత్తి నాయన పక్కన నిలబడింది. నేను చరణం ఎత్తుకున్నాను. అంత దూరంనుంచి, మైకు లేకుండా, జవాబు ఖంగున వచ్చింది. కూర్చున్నవాళ్ళంతా ఒకసారి నావైపు, ఒకసారి దానివైపు తలలు తిప్పి చూడటమే. పాటంతా అలాగే పాడాం. నా ఒళ్ళు ఇప్పటికీ ఝల్లుమంటుంది.

ఇంటికి రాగానే నాయనమ్మ డోలుకు పసుపు పూసింది. "పండుగకు వీళ్ళనే పాడమను" అంది... నాయన గొంగడిలో మొహం దాచుకుని ఏడ్చాడు.

ఇప్పుడు పరిగి, మోమిన్‌పేట్, ఎక్కడ పిలిస్తే అక్కడికి అక్కాచెల్లెళ్ళం పోతున్నాం. ఇప్పటికీ స్టేజీకి ఆ కొసన అది, ఈ కొసన నేను. మైకులు పెట్టేవాళ్ళు తల పట్టుకుంటారు. "అక్కా, జర దగ్గరికి రాండ్రి" అని ఒకటే బతిమాలుడు!

మంద మాత్రం లేదు. నాయనకు మోకాళ్ళు పట్టేశాయి, గొర్రెలు అమ్మేశాం. మేం మేపిన చోట ప్లాట్ల రాళ్ళు పాతారు. అటు పోయినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది...

మొన్న నాయనను తీసుకుని వికారాబాద్‌లో భాగ్య ఇంటికి పోయాను. కింద చెప్పులు విడుస్తూ, అలవాటుకొద్దీ ఒక చరణం ఎత్తుకున్నాను. మిద్దె మీంచి జవాబు వచ్చింది. భాగ్య గొంతు కాదు... దాని బిడ్డది! ఎవరూ కూర్చోబెట్టి నేర్పింది కాదు.

నాయన మెట్టు మీదే ఆగిపోయాడు. చెవి రిక్కించి మొత్తం విన్నాడు. తర్వాత నా భుజం పట్టుకుని,

"అన్ని ఉన్నయి బిడ్డా, నడువు" అన్నాడు.

మీ ఇంట్లో మీరు పిలిస్తే పాటతో పలికేవాళ్ళు ఎవరున్నారు? చెప్పండి, వినాలని ఉంది...