పాత తూటా ముందు

సుత్తితో కొట్టి తూటా విప్పుతామంటే వినేవాళ్ళు హడలిపోతారు. నా ఉద్యోగంలో అది రోజువారీ పని. బోలుగా ఉండే సుత్తి తలలో తూటాని బిగించి దిమ్మ మీద ఠపీమని కొడితే, ఆ కుదుపుకి ఇత్తడి గొట్టంలోంచి గుండు ఊడొస్తుంది. దాని వెనకే మందు రాలుతుంది. నార్తాంప్టన్‌లోని మా ల్యాబ్‌లో అందరూ ఈ పని నింపాదిగా చేసేవాళ్ళు. యూరప్ నించి విడిపోవాలా వద్దా అన్న రెఫరెండమ్‌కి ముందు చలికాలంలో నేను మాత్రం ఎవడి నెత్తినో బాదుతున్నట్టు బాదాను.

కారణం ఒక ప్లాస్టిక్ సంచిలో వచ్చింది. ఎక్కడి పోలీసులో చెప్పను గానీ, ఒక సాయుధ పోలీసు ప్రాక్టీసులో మీట నొక్కగానే పిస్తోలు చేతిలోనే పేలిపోయింది. పిడి నిలువునా చీలింది. తూటా గొట్టం అడుగు చిట్లింది. దాని వెనక నిప్పు పుట్టించే బిళ్ళ అప్పడంలా నలిగింది. ఒత్తిడి మితిమీరిందని చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. పిడి సందుల్లో నెత్తురు ఎండిపోయి ఉంది. అతని చూపుడు వేలు సగానికి తెగిపోయిందట.

ఇక తేలాల్సింది ఒక్కటే. ఫ్యాక్టరీవాళ్ళు మందు ఎక్కువ కూరారా, లేక అతనే ఎవరో ఇంట్లో తయారుచేసిన తూటా తెచ్చి పెట్టాడా? ఫ్యాక్టరీవాళ్ళు రెండో మాటే గట్టిగా అన్నారు. అదే ఖాయమైతే వేలు పోయినవాడికి ఉద్యోగమూ పోతుంది, ఆపైన జైలు.

అదే బ్యాచ్ పెట్టెలు తెప్పించి విప్పుతూ కూర్చున్నాను. కొట్టు, విప్పు, తూచు. భుజం పడిపోయింది. ప్రతి దాంట్లోనూ మందు సరిగ్గా ఉంది, రవ్వంత తేడా లేదు. ఆ మాట రాశానంటే అతని గొంతు నా చేత్తో నేను కోసినట్టే. ఒళ్ళు మండిపోయింది. మా మేనేజరేమో, "ఇంకేముంది, తూటాలు బాగున్నాయని రాసెయ్. శుక్రవారం పంపాలి" అన్నాడు.

"శుక్రవారం పంపకపోతే ఆకాశం ఊడిపడుతుందా?" అని తెలుగులో అని, మళ్ళీ సుత్తి పట్టుకున్నాను. ఆ దెబ్బకి దిమ్మ పగిలింది. మేనేజరు వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం మా ఫ్లాట్ తలుపు దబదబా మోగింది. తీస్తే లీసెస్టర్ నించి వచ్చిన ఆంటీ. మాది గుంటూరు, ఆవిడది తెనాలి. లీసెస్టర్ హాస్పిటల్లో నర్సు, మా చర్చిలో నాకు పరిచయం. కొడుకు పోలీసని తెలుసు గానీ, ఆ చెయ్యి అతనిదేనని నాకప్పటిదాకా తెలియదు. మా ల్యాబ్ సంగతి ఎవరో ఆవిడ చెవిన వేశారు.

"నా కొడుకు దొంగ తూటాలు పెట్టాడని రాస్తన్నావంట కదా! సిగ్గు లేదటే నీకు?"

"ఆంటీ, ఈ విషయం నేను మీతో మాట్లాడకూడదు. నా ఉద్యోగం పోద్ది."

"నీకు ఉద్యోగం పోద్దా? వాడికి వేలు పోయిందే!" అని బల్ల మీద గుద్దింది. మంచినీళ్ళ గ్లాసు ఎగిరి కిందపడి భళ్ళున పగిలింది. ఆ గాజు పెంకుల మధ్య నిలబడే అరిచింది. "వాడు ఒక్క మెతుకు పారేసే రకం కాదు. డ్యూటీ దిగేటప్పుడు పిస్తోల్లోంచి తీసిన తూటా ఉంటది చూడు, పొద్దున్నే మళ్ళీ దాన్నే ముందు పెడతాడు. ఫ్రిజ్‌లో నిన్నటి కూర అయ్యేదాకా కొత్త గిన్నె ముట్టుకోవద్దని చిన్నప్పట్నించీ నేనే నేర్పా. 'మమ్, ఐ డూ ఇట్ విత్ బులెట్స్ టూ' అని నవ్వేవాడు. అట్టాంటోడు దొంగ పని చేస్తాడా?"

ఆవిడ తిట్టుకుంటూ వెళ్ళిపోయింది.

మర్నాడు ఆవిడ వచ్చిన సంగతి మొత్తం మేనేజరుకి చెప్పాను. పోలీసుల ద్వారా అతన్ని అడిగించారు. నిజమే. మిగతావాళ్ళు ఒకసారి పెట్టి తీసిన తూటాని పక్కన పడేస్తారు, లేదా పిస్తోలు పిడిలో తూటాలు పేర్చే డబ్బాలో అన్నిటికంటే అడుగున పెడతారు. అలా చెయ్యాలని అతనికి ఎవరూ చెప్పలేదు. ప్రాక్టీసుకీ ప్రాక్టీసుకీ మధ్య నెలల తరబడి అదే తూటాని అన్నిటికంటే పైన, ముందు పేలే చోట పెట్టాడు. పెట్టిన ప్రతిసారీ అది పిస్తోలు లోపలి ఇనుముకి గుద్దుకుంటుంది, ముందున్న గుండు కొద్దికొద్దిగా గొట్టంలోకి కుంగుతుంది. మందు పెరగదు, అది మండే చోటే ఇరుకవుతుంది.

మేమూ ఒక తూటాని అలాగే మళ్ళీ మళ్ళీ పెట్టి తీశాం. కొలిచిన ప్రతిసారీ పొట్టిదవుతూ వచ్చింది. దాన్ని ఉక్కు పెట్టెలో బిగించిన పిస్తోల్లో పెట్టి, గోడ అవతల నించి తాడు లాగాం. గోడ అదిరింది. పెట్టె తెరిస్తే పిడి నిలువునా చీలి ఉంది, బిళ్ళ అప్పడమై ఉంది. ముక్కల్ని చూసి అమ్మయ్య అనుకున్నాను, వెంటనే ఆ వేలు గుర్తొచ్చింది.

ఇంటి తూటా కాదు, ఫ్యాక్టరీదే, అతనికి దురుద్దేశం లేదు అని రాసి పంపాను. కేసు ఎత్తేశారు. అతని ఉద్యోగం మిగిలింది, ఆఫీసు కుర్చీలో. అంతా ముగిశాక ఆంటీ భోజనానికి పిలిచింది. అతను కూడా ఉన్నాడు, కట్టు కట్టిన చేత్తో. ఆవిడ నాకు చేపల పులుసు వడ్డిస్తూ, "నిన్ను నానా మాటలన్నా, మనసులో పెట్టుకోకే. ఇంతకీ అది ఎందుకు పేలిందంట? వీడు చెప్పట్లేదు" అంది.

అతను నావైపు చూసి తల అడ్డంగా ఊపాడు. ఆ చూపు నాకు అర్థమయ్యేలోపే నా నోరు జారింది. "ఒకే తూటాని రోజూ మళ్ళీ మళ్ళీ ముందు పెట్టడం వల్ల ఆంటీ."

గరిటె ఆగిపోయింది.

"పాతది ముందు అవగొట్టమన్నది నేనేగా."

"మీరు చెప్పింది కూర గురించి ఆంటీ."

"కూర గురించే" అంది. గరిటె పెట్టేసి తన నోటి మీద తనే ఫట్టుమని కొట్టుకుంది. ఒకసారి కాదు, ఆగకుండా, పెదవి చిట్లేలా. అతను లేచి, కట్టు ఉన్న చేత్తోనే ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.