తొమ్మిది మందిలో రెండు చుక్కలు

అది పుట్టుమచ్చ కాదు బుజ్జీ, కాటుక. నిన్న ఫోనులో ఆ పాత ఫోటో చూసి, "అమ్మమ్మా, తాతయ్య చెంప మీద అంత పెద్ద మచ్చ ఉండేదా? నీకూ సరిగ్గా అక్కడే ఉందే!" అని నువ్వు నవ్వితే, కూర మాడిపోతోందని చెప్పి ఫోను పెట్టేశాను. కూరేమీ మాడలేదు. ఆ చుక్క సంగతి కూర్చుని చెప్పాల్సింది, నిలబడి చెప్పే ఓపిక నాకిప్పుడు లేదు. నువ్వేమో మీ ఆయనకు కెనడాలోనే ఉండిపోయే కాగితాలు రావాలని, మీది నిజమైన పెళ్ళేనని చూపించడానికి ఫోనులోంచి ఫోటోలు ఏరుతూ ఏరుతూ అలసిపోయానంటున్నావు. వేల ఫోటోల్లోంచి ఏరడం కష్టమే, కాదనను. లేని ఫోటోల్లోంచి ఏరి చూడు తల్లీ, అప్పుడు తెలుస్తుంది.

ఆ రోజుల్లో మా ఛత్రినాకలో పెళ్ళికి రుజువు అడిగినవాళ్ళు లేరు. గల్లీకి అడ్డంగా షామియానా వేసి, రెండు రోజులు రిక్షాలన్నీ చుట్టు తిరిగి పోయేట్టు చేస్తే అదే రుజువు, ఆ రిక్షావాళ్ళు తిట్టిన తిట్లే సాక్ష్యం. మీ తాత అప్పటికే కెనడాలో ఒక కార్ఖానాలో లేత్ మిషన్ మీద పనిచేసేవారు. రెండు నెలల సెలవు మీద వచ్చారు. పిల్లను వెతకడానికీ, ముహూర్తం కుదరడానికీ సగానికి పైగా పోయింది. పెళ్ళయ్యాక పందొమ్మిది రోజులు ఉండి, నన్ను మా అత్తమ్మకు అప్పజెప్పి విమానమెక్కారు. ఆ పందొమ్మిది రోజులూ ఇంటి నిండా చుట్టాలే. ఆయన టీలో చక్కెర ఎంత వేసుకుంటారో కూడా నాకు తెలియలేదు (టీ అత్తమ్మే పెట్టేది, ఆ పొయ్యి దగ్గరికి నన్ను రానిచ్చేది కాదు). తరువాత నన్ను అక్కడికి పిలిపించుకోవడానికి ఆయన దరఖాస్తు పెట్టారు. నాలుగు నెలలకు నా పేరు మీద ఒక లావుపాటి కవరు వచ్చింది. మీది నిజమైన పెళ్ళేనా, కాగితాల కోసం చేసుకున్నదా, రుజువులు పంపండి అని. నమ్మకం కలగకపోతే ఫైలు మూసేస్తారట. మూసేస్తే ఇక నేను ఛత్రినాకలో, ఆయన అక్కడ, మధ్యలో రెండేళ్ళకోసారి దొరికే సెలవు.

ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగింది నేనొక్కదాన్నే. పదో తరగతిలో ఇంగ్లీషుకు నలభై రెండు మార్కులు, ఆ నలభై రెండు మార్కుల మీదే మా సంసారమంతా ఆధారపడింది. నేను చదివి తెలుగులో చెబితే అత్తమ్మ వక్కలు కత్తిరించడం ఆపి నా మొహంలోకి చూసింది.

"రుజువేంది పిల్లా? గల్లంత తిని పోయిన్రు గద! తిన్నోళ్ళను అడుగుమను."

"గట్ల గాదంట అత్తమ్మా. ఫోటోలు, ఉత్తరాలు, తెలిసినోళ్ళ సంతకాలు కావాల్నంట."

"మరి గాళ్ళే రాలేదేంది పెండ్లికి? పిలిస్తె రానోళ్ళకు నేనేడికెళ్ళి తెచ్చియ్యాలె!"

ఆ ఫారంలో ఒక ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది. మీ ఇద్దరి పరిచయం ఎలా మొదలై, ఎలా పెరిగింది, వివరంగా రాయండి అని కింద పన్నెండు గీతలు గీసి ఇచ్చారు. నేను చాలాసేపు ఆలోచించి రాశాను: 'వారు చూడటానికి వచ్చారు. ఉప్మా తిన్నారు. తరువాత పెద్దలు మాట్లాడుకున్నారు.' రెండున్నర గీతల్లో అయిపోయింది. మిగతా తొమ్మిదిన్నర గీతలు ఏం పెట్టి నింపాలో తెలియక, ఉప్మాలో జీడిపప్పు వేసిన సంగతి కూడా రాద్దామా అనుకున్నాను.

ఇక ఉత్తరాలు. మీ తాత పదిహేను రోజులకోసారి తప్పకుండా రాసేవారు, కాని వాళ్ళమ్మకు రాసేవారు. చలి సంగతి, పని సంగతి రాసి, చివర్న 'అందరినీ అడిగానని చెప్పు' అని ముగించేవారు. పెళ్ళానికి విడిగా ఉత్తరం రాయడమంటే ఆ రోజుల్లో పెద్దల ముందు పక్కన కూర్చున్నంత సిగ్గు. నేను ఆ చివరి ముక్క కోసమే ఉత్తరమంతా పైకి చదివేదాన్ని. అక్కడికి రాగానే అత్తమ్మ, "గదో, నిన్నడిగిండు" అనేది. "అందర్ని అన్నరు గద అత్తమ్మా" అంటే, "మేమంత ఎవలం వానికి! మా పేర్లు ఉత్తరం మొదట్లనే రాసిండు గద" అనేది. ఇది కెనడావాళ్ళకు ఎలా చెప్పాలి?

ఫోటోలు చూద్దామంటే, పెళ్ళి ఫోటోల్లో మీ తాత కెమెరాను చూసి ఏదో నేరం ఒప్పుకుంటున్నట్టు నిలబడితే, నేను నా కాలి వేళ్ళు లెక్కపెట్టుకుంటున్నాను. పెళ్ళి తరువాతి ఫోటో కూడా కావాలన్నారు. అలాంటిది ఒక్కటే ఉంది. గాజులు కొనడానికని మేమిద్దరం చార్మినార్ దాకా బయలుదేరితే, అత్తమ్మ, ఆడబిడ్డ, ఆమె నలుగురు పిల్లలు, పక్కింటి అవ్వ కూడా వచ్చారు. అక్కడ ఫోటో తీసేవాడు పట్టుకున్నాడు. ఫోటోలో తొమ్మిది మందిమి. ఈ చివర నేను, ఆ చివర ఆయన. తెలియనివాళ్ళు చూస్తే, ఆయన ఆ గుంపులోకి పొరపాటున వచ్చి నిలబడ్డ దారినపోయే మనిషి అనుకుంటారు. నువ్వు నిన్న చూసింది ఆ ఫోటోనే.

సాక్షి సంతకానికి గాజుల చాచీ దగ్గరికి పోయాను. మా గల్లీకి గంప నెత్తిన పెట్టుకుని వచ్చే ఆమెనే, పెళ్ళికి ఇంటిల్లిపాదికీ గాజులు వేసింది. చదువు రాదు. చెబుతుంటే నేను రాసుకోవాలి.

"ఏమని రాయాలె చాచీ?"

"సచ్ రాయి. పెండ్లి నిజమే, గాజులు నేనే ఏసిన అని రాయి. పిల్లది చెయ్యి గట్టి, ఆరు గాజులు పగిలినయి అని గూడ రాయి."

"పగిలినయి గూడనా?"

"మరి! ఉత్తుత్త పెండ్లికి ఎవరన్న ఆరు గాజులు పగలగొట్టుకుంటరా బేటీ?"

అదీ రాశాను. వేలిముద్ర వేసింది. నెల రోజులు తిరిగి తిరిగి, ఎండకు తల పగిలి, చెప్పు తెగి, చివరికి అన్నీ ఒక దగ్గర చేర్చాను. పోస్టు చేసే రోజు పొద్దున అత్తమ్మ, "పసుపు తడిపి తే పిల్లా" అంది. తెచ్చి ఇచ్చాను. శుభమైన కాగితమేదైనా గడప దాటే ముందు నాలుగు మూలలా పసుపు పెట్టకుండా ఎలా పంపుతాం? (తప్పంతా ఆమె మీదకు తోస్తున్నానని అనుకోకు. పసుపు చిక్కగా కలిపింది నేనే.) నల్లా దగ్గర బిందె నింపుకుని వచ్చేసరికి పసుపు పని అయిపోయి, ఫోటోలు చాప మీద పరిచి ఉన్నాయి. పక్కన కాటుక డబ్బీ. ప్రతి ఫోటోలోనూ కొడుకు చెంప మీద ఒక చుక్క, నా చెంప మీద ఒక చుక్క.

"ఎంతమంది కండ్లల్ల పడ్తరో ఏమో, దిష్టి తాకదా?" అంది. నాకూ సబబుగానే తోచింది. అదే నా తెలివి. నలభై రెండు మార్కులంటే అంతే.

రెండు నెలలకు ఫోటోలన్నీ తిరిగొచ్చాయి, వెంట ఒక ఉత్తరం. మనుషుల మొహాల మీద ఈ గుర్తులు ఎవరు, ఎందుకు పెట్టారు? ఫోటోలను మార్చారా? కాగితాలన్నింటికీ ఈ పసుపు మరకలేమిటి? నెలలోపు సంజాయిషీ ఇవ్వండి, లేకపోతే ఫైలు మూసేస్తాం. అది చదివి, ఎవరికీ చెప్పకుండా వంటింట్లోకి పోయి, ఒక పెళ్ళి ఫోటో మీద చుక్కను కొబ్బరినూనెతో తుడిచాను. చుక్క పోలేదు, పాకింది. మీ తాతకు ఒక వైపు మాత్రమే గడ్డం మొలిచినట్టయింది. ఇంకో రెండు రుద్దులు రుద్దితే మొహమే పోయింది. ఇక దాచే దారి లేదు, చెప్పుకోవడమే మిగిలింది. అప్పుడు ఏడ్చాను బుజ్జీ. పందొమ్మిది రోజులు చూసిన మనిషి కోసం అంత ఏడుపు ఎక్కడినుంచి వచ్చిందో.

చార్మినార్ పోయే దారిలో మెట్ల కింద చిన్న గదిలో ఒక వకీల్ సాబ్ ఉండేవారు. ముసలాయన, తెల్ల గడ్డం, టైపు మిషనుకు రెండు అక్షరాలు సరిగా పడేవి కావు. అత్తమ్మా నేనూ రిక్షాలో పోయాం. నేను ఉత్తరం చేతికిచ్చేలోపే అత్తమ్మ మొదలుపెట్టింది.

"నా కొడుక్కు నేను చుక్క పెట్టుకుంటె ఆళ్ళకేం నొప్పి సాబ్?"

"నొప్పి గాదమ్మా, షక్, అనుమానం." ఆయన ఫోటో తీసుకుని కళ్ళద్దాలు పైకి జరిపి చూశారు. "అరె, యే తో నజర్ కా టీకా హై, దిష్టి చుక్క! మా అమ్మీ గూడ పెడుతుండె. నేను వకీల్ అయినంక గూడ, కోర్టుకు పోయే ముందర చెవి ఎనక పెడుతుండె. జడ్జి సాబ్ నజర్ తాకుతదని."

"చూసినవా? సాబ్‌కు ఎర్కనే!" అని అత్తమ్మ నా వైపు తిరిగింది, కెనడాను నేనే పెంచి పెద్దచేసినట్టు.

వకీల్ సాబ్ తొమ్మిది మంది ఉన్న ఫోటోను చేతిలోనే పట్టుకుని చాలాసేపు చూశారు. "అమ్మా, దీంట్ల తొమ్మిది మంది ఉన్నరు. నీ బిడ్డ ఉన్నది, మనుమలు ఉన్నరు. వాళ్ళకు పెట్టలే?"

"వాళ్ళకెందుకు? కొత్త జంట వీళ్ళిద్దరే గద. దిష్టి వీళ్ళకే తాకుతది."

ఆయన కళ్ళద్దాలు కిందికి దించి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటున్న నా వైపు చూశారు. "బేటీ, నువ్వు కాయ్కు రోతీ? ఏడువకు. నువ్వీ చివరకు, ఆయన ఆ చివరకు. ఎవరు మొగుడో ఎవరు పెండ్లామో ఈ ఫోటో చూస్తె ఖుదాకు గూడ తెల్వది. మీ అత్త వేలు పెట్టి చూపించింది. ఇంతకంటె సబూత్ ఏం గావాలె వాళ్ళకు?"

అదే టైపు చేశారు. ఈ ఊళ్ళో పరాయివాళ్ళ మొహం మీద ఎవరూ ఈ చుక్క పెట్టరని, తొమ్మిది మందిలో ఇద్దరికే పెట్టిందంటే వాళ్ళు కొత్త జంటని తల్లి తెలిసే పెట్టిందని, పసుపు కూడా అలాంటిదేనని. కింద అత్తమ్మ వేలిముద్ర కావాలన్నారు. సిరా పూసిన బొటనవేలిని అత్తమ్మ అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"గీ నల్ల చుక్క వాళ్ళు అడిగితె రుజువు, గా నల్ల చుక్క నేను పెడ్తె తప్పా? గిదేం న్యాయం సాబ్?"

వకీల్ సాబ్ నవ్వి నవ్వి దగ్గారు. ఈసారి ఫోటోలు మళ్ళీ పెట్టిన కవరుకు పసుపు అంటకుండా నా కొంగులో దాచి పోస్టాఫీసు దాకా తెచ్చాను. స్టాంపులు అంటించే పని మాత్రం అత్తమ్మ తీసుకుంది. బయటికి వచ్చాక ఆమె గోరు పచ్చగా కనిపించింది. "ఊకో పిల్లా, స్టాంపు కింద పెట్టిన. గాడ ఎవలు చూస్తరు?" అంది.

తరువాత అక్కడ మీ తాతను ఆఫీసుకు పిలిచారు. ఆ సంగతి ఆయన ఉత్తరంలోనే వచ్చింది, యథాప్రకారం వాళ్ళమ్మ పేరు మీద. 'ఆఫీసులో పిలిచి చుక్క గురించి అడిగారు. తరువాత అందరి గురించి అడిగారు. ముప్పావు గంట మాట్లాడాను. ఇక్కడ మంచు ఎక్కువగా ఉంది. అందరినీ అడిగానని చెప్పు.' నెల తిరక్కుండా నాకు రమ్మని కాగితం వచ్చింది, ఫోటోలూ వచ్చాయి. మీ అమ్మ అక్కడే పుట్టింది. ఆయన కార్ఖానా మూతపడ్డాక మేమిద్దరం మళ్ళీ ఈ గల్లీకే వచ్చాం. చదువుకని మీ అమ్మ తిరిగి అక్కడికే పోయింది. మీరంతా అక్కడ ఉన్నారంటే, ఒక రకంగా ఆ కాటుక డబ్బీ పుణ్యమే.

మొన్న నువ్వూ మీ ఆయనా ఉన్న ఫోటో పంపావు కదా, ఫైల్లో పెట్టడానికి బాగుందా అని. చాలా బాగుంది. ఎంతమంది కళ్ళల్లో పడుతుందో అనుకుంటూ ఉండగానే నా వేలు కాటుకలోకి పోయింది. ఫోను అద్దం మీద చెరో చుక్క పెట్టేశాను. ఆనక తుడవబోతే అద్దమంతా నలుపై, నీకే ఫోను కూడా పోయింది. నువ్వు "హలో, హలో" అన్నావు, నేను పలకలేదు. ఈ వయసులో కూడా నా తెలివి ఎంతవరకు పెరిగిందో చూశావు కదా.

కాని బుజ్జీ, నన్నింకా తొలిచే సంగతి ఒకటుంది. మీ తాత ఇంట్లో రోజు మొత్తానికి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. అందులో నాలుగు "ఉప్పు" గురించే. నేను అక్కడ దిగిన రోజు, బస్సులో పెట్టె ఒళ్ళో పెట్టుకుని అడిగాను, "ఆఫీసుల ఏమడిగిన్రు? మీరేం చెప్పిన్రు?" అని. "ఉన్నదే చెప్పిన" అన్నారు. మీ అమ్మ పుట్టినప్పుడు అడిగాను, తిరిగి వచ్చేటప్పుడు అడిగాను, ఆఖరికి ఆసుపత్రిలో చేయి పట్టుకుని కూడా అడిగాను. "గదిప్పుడెందుకు" అని గోడ వైపు తిరిగి నవ్వారు. ఉన్నదంటే ఏముంది? పందొమ్మిది రోజులు, చుట్టాల మధ్యలోంచి చూసుకున్న చూపులు, ఒక ఉప్మా. అంతమాత్రం తెలిసిన నా గురించి, ముక్కూ మొహం తెలియని ఒక ఆఫీసరుకు, ఆ మనిషి ముప్పావు గంట ఏం చెప్పి ఉంటారు?