ఆయుధపూజకు పెట్టిన ల్యాప్‌టాప్

డిగ్రీ చివరి సంవత్సరంలో అనంతపురం వెళ్లి కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కుని, నానా తంటాలు పడి విండోస్ బదులు, నల్ల తెర మీద అక్షరాలతో నడిచే లినక్స్ ఎక్కించుకున్నాను. దసరా సెలవుల తర్వాత చూపించాల్సిన ప్రాజెక్టంతా అందులోనే ఉంది.

ఆయుధపూజ నాడు ఉరవకొండలోని మా ఇంట్లో ట్రాక్టరు పక్కన దాన్నీ పెట్టమన్నాడు నాయన. అక్కా నేనూ బజారుకెళ్లి పూలు, గుమ్మడికాయ తెచ్చేసరికి తెర మీద లక్ష్మీదేవి బొమ్మ ఉంది. దాని ముందు, రాయదుర్గంలో నెట్ సెంటరు నడిపే మా బావ కూర్చుని ఉన్నాడు.

"నల్ల తెరకు ఎవరన్నా పూజ చేస్తారా పాపా? అంతా చెరిపేసి విండోస్ ఎక్కించినా" అన్నాడు, మేలు చేసినవాడిలా.

"నిన్నెవరు ముట్టుకోమన్నారు?" అని అందరి ముందూ అరిచాను.

నాయన నా మీదికే లేచాడు. "ఇంటి అల్లునితో అట్లనా మాట్లాడేది? తప్పయిందని చెప్పు."

చెప్పలేదు. అల్లుడైతే ఇంట్లో వస్తువులన్నీ ఆయనవేనని మావాళ్ల లెక్క. హారతి కూడా కళ్లకద్దుకోలేదు.

మళ్లీ లినక్స్ ఎక్కించి, పోయిన ప్రాజెక్టు మొదటినుంచీ చేసుకుని, ఆన్ చేయగానే పాస్‌వర్డ్ అడిగేలా పెట్టాను. దీపావళికి వచ్చిన బావ అది చూసి, "ఇంట్లోవాళ్లతో గూడా దాపరికమా? ఏంది పాస్‌వర్డ్?" అన్నాడు.

"నీ ఫోనుది చెప్పు బావా, నాదీ చెప్తా."

బావ చేతిలోని ఫోను జేబులో పెట్టుకున్నాడు. అక్క ఆ జేబు వైపే చూస్తూ ఉండిపోయింది.