శనివారం ఇనుము

మా అక్క కూతురికి తుపాకుల ఆట బాగా వచ్చు. కంప్యూటర్ మీద ఆడే ఆట అది, ఐదుగురు ఒక జట్టు. మార్కాపురంలో కాలేజీ వదిలాక నెట్ సెంటర్‌లో కాసేపు ఆడి ఇంటికి వచ్చేది. అక్కడి మగపిల్లలు మొదట నవ్వారు. తర్వాత ఈ పిల్ల ఏ జట్టులో ఉంటే ఆ జట్టులోకి రావడానికి పోట్లాడుకున్నారు. ఆ సంగతి మా వీధికి వేరే రకంగా చేరింది. ఒకరోజు అక్క కుట్టుమిషను ఆపి, "రేపటి నుంచి ఆడికి పోయేది లేదు" అంది. అంతటితో ఆట ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడే నంద్యాల, వినుకొండ పిల్లలు కలిసి పెట్టుకున్న ఒక జట్టులో చోటు ఖాళీ అయింది. ఈ పిల్ల ఆట వాళ్లు చూసే ఉన్నారు. వచ్చే ఆదివారం కాక ఆ పై ఆదివారం సాయంత్రం తమతో ఒక ఆట ఆడమన్నారు. ఆ సాయంత్రం రాలేకపోతే ఇంకొకరిని తీసుకుంటారు. మూడు రోజులు బతిమాలితే అక్క ఒక మెట్టు దిగింది. "ఇంట్లో అయితే ఆడు. నా కండ్ల ముందర. ఆ ఆట ఏందో, ఆ పిల్లోళ్లు ఏం మాట్లాడతారో చూసి అప్పుడు చెప్తా."

లారీ మీద ఉన్న బావ కొంత పంపాడు, నేను కొంత కలిపాను. కొత్త కంప్యూటర్‌కు అది చాలదు, కానీ విడిభాగాలు చూసి ఎంచుకుని బిగించుకుంటే సరిపోతుంది. ఎంచే పని నాకు వదిలెయ్యమన్నాను.

నేను పదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఆ తర్వాత నాకు అబ్బిన చదువంతా శాఖా గ్రంథాలయంలోనిదే. పేపర్ల బల్ల దగ్గర మొదలుపెట్టి, బీరువాల్లో ఉన్న విజ్ఞాన పుస్తకాలన్నీ వరసగా చదివాను. విద్యుత్తు, రేడియో, నేల పొరలు, నక్షత్రాలు, ఏదీ వదల్లేదు. కంప్యూటర్ గురించి అక్కడ ఉన్న ఒకే ఒక్క పుస్తకం ఫ్లాపీల కాలానిది. అయినా దాన్నుంచి నేనొకటి నేర్చుకున్నాను. కంప్యూటర్‌లో ఏ భాగం ఎంత గొప్పదన్నది కాదు చూడాల్సింది, పని ఎక్కడ మొదలై ఏ దారిన పోయి ఎక్కడ తేలుతుందో చూడాలి. దారిలో ఒక్కచోట ఇరుకైనా, మిగతా దారి ఎంత వెడల్పుగా ఉండీ లాభం లేదు.

ఈ మాట నేను మెట్ల మీద కూర్చుని మేనకోడలికి చెబితే, "మామా, ఆ పుస్తకం నాకంటే పెద్దది" అంది.

"పెద్దది గాబట్టే మాట వినాల."

"వింటా. కానీ అది పుట్టినప్పుడు ఈ ఆట లేదు గదా."

ఆ వారం మేమిద్దరం పోట్లాడుకున్నంత ఆనందంగా నేను ఎవరితోనూ పోట్లాడలేదు. తెర మీద బొమ్మ గీసేది గ్రాఫిక్స్ కార్డు, కాబట్టి ఎక్కువ డబ్బు దానికే పెట్టాలని ఆమె మొదట పట్టుబట్టింది. ఈ ఆటలో బొమ్మలు సాదావి, లెక్కలు ఎక్కువ, కాబట్టి ఆ లెక్కలు చేసే ప్రాసెసర్ మంచిదైతే వాడిన కార్డు చాలని నేను ఫోన్‌లో అందరి వాదనలూ చదివి తేల్చాను. రెండు రోజులకు ఆమె ఒప్పుకుంది. మెమరీ విషయంలో నేను ఓడిపోయాను. పదహారు జీబీది ఒకటి కొందామన్నాను. ఎనిమిదివి రెండు పెడితే ప్రాసెసర్ ఒకేసారి రెండు దారుల్లో తెచ్చుకుంటుందని ఆమె చెప్పింది. నా దారి సిద్ధాంతంతోనే నన్ను కొట్టింది కాబట్టి ఎనిమిదివి రెండే రాసుకున్నాను. తెరకు ఇంట్లో టీవీ ఉండనే ఉంది. చివరికి మిగిలింది క్యాబినెట్టు, అంటే ఇవన్నీ లోపల బిగించే పెట్టె. పక్కన అద్దం, లోపల రంగు దీపాలు ఉన్న దాని ఫొటో ఆమె ఫోన్‌లో ఎప్పటినుంచో దాచుకుంది. ఒక సాయంత్రం నా ముందే ఆ ఫొటో తీసేసి, అన్నింటికంటే చవకైన రేకు పెట్టె చూపించి, "ఇది చాల్లే మామా" అంది.

మొదట కొన్నది మాత్రం నా మాట ప్రకారమే. కరెంటు ఎక్కుతూ దిగుతూ ఉండే ఊళ్లో, కరెంటును సరిచేసి అన్నింటికీ పంచే పవర్ సప్లై గట్టిది కావాలని, గురువారమే కంప్యూటర్ దుకాణానికి పోయాను. దుకాణం సాయిబు నాకు పాత పరిచయం. రెండు డబ్బాలు ముందు పెట్టాడు. నేను ఒక్కొక్కటి చేత్తో ఎత్తి బరువు చూశాను. మా వైపు బోరు మోటారు కొన్నా అట్లే ఎత్తి చూస్తాం, లోపల రాగి ఎంతుందో చెయ్యే చెబుతుంది.

"భాయ్, అది నీళ్లు తోడదు" అన్నాడు సాయిబు.

"బరువైంది ఇయ్యి భాయ్."

"అదే మంచిదిలే. నీ లెక్క తప్పు, వచ్చిన జవాబు కరెక్టు."

మిగతా సరుకు విజయవాడ నుంచి పార్సిల్‌లో శనివారం మధ్యాహ్నానికి సాయిబు దుకాణంలో దిగింది. డబ్బు కట్టి, చిన్న డబ్బాలు సంచిలో వేసి, పెద్ద పెట్టెను వెనక కూర్చున్న కోడలి ఒళ్లో పెట్టి బండి మీద ఇంటికి వచ్చాం. పెట్టె వెనక నుంచి ఆమె దారి పొడవునా ఏదో పాడుతూనే ఉంది.

గడప దగ్గర మా అమ్మ చిక్కుళ్లు ఒలుస్తూ కూర్చుంది.

"ఆ పెట్టె ఏందిరా?"

"కంప్యూటర్‌దే అమ్మా. అన్నీ దాంట్లో బిగిస్తాం."

"దేంతో చేసినారు?"

"రేకు."

"ఇనుప రేకేనా?"

అప్పుడుగానీ నాకు ఏం వారమో గుర్తు రాలేదు. మా వైపు శనివారం ఇనుము కొనరు. మేకు కూడా కొనరు. మా నాయన ఒకసారి శనివారం పార కొన్నాడు, ఆ ఏడే బోరు ఎండిపోయింది, అది పార వల్లేనని మా అమ్మ లెక్క. ఆ ఏడు ఊరందరి బోర్లూ ఎండిపోయినాయి గదా అంటే, "వాళ్లూ ఏమన్నా కొన్యారేమో" అంటుంది.

"గడప దాటనీయను" అంది అమ్మ. "పిల్ల మొదటిసారి ఒక పనికి పూనుకునింది. శనితోనా మొదలుపెట్టేది?"

అమ్మ వద్దంటున్నది కోపంతో కాదు, మనవరాలి మీద ప్రేమతో. అందువల్ల ఆమెతో వాదించడం ఇంకా కష్టం. నేను సైన్సు ఎత్తుకోబోయాను. కోడలు నా మోచెయ్యి పట్టుకుని ఆపి, మెట్టు మీద కూర్చుని, సంచిలో ఉన్నవి ఒక్కొక్కటి అవ్వ ముందు పెట్టింది.

"ఇది బోర్డు అవ్వా. అట్ట లాంటిదే."

"ఊఁ."

"ఇది ప్రాసెసర్. కింద చుక్కలు చూడు. బంగారం పూత."

అమ్మ దాన్ని వెలుతురుకు తిప్పి చూసింది. "బంగారమే? శనివారమైనా రావచ్చు. ఇదో?"

"మెమరీ. దీనికీ అంచున బంగారమే."

గ్రాఫిక్స్ కార్డు ప్లాస్టిక్ ఫ్యాన్లు చూసి అమ్మ తల ఊపింది. దాని కొసకు ఉన్న రేకు ముక్క గురించి మేమిద్దరం నోరెత్తలేదు. పవర్ సప్లై ఇనుప డబ్బానే గానీ అది గురువారమే ఇంట్లోకి వచ్చింది. చివరికి పెద్ద పెట్టె ఒక్కటే వాకిట్లో నిలబడిపోయింది.

దాన్ని తిరిగి దుకాణానికి తీసుకుపోయాను. సాయిబు నవ్వలేదు. "శనివారం నా దగ్గర క్యాబినెట్లు పోవు భాయ్. నాకు తెలీదా? నువ్వు చదువుకున్నోడివి, పట్టింపు ఉండదనుకున్నా" అన్నాడు. సోమవారం వచ్చి తీసుకోమన్నాడు. ఆదివారం ఆయన కంభంలో పెళ్లికి పోతున్నాడు, దుకాణం తెరవడు.

ఇంటికి వస్తే కోడలు భాగాలన్నీ మంచం మీద పేర్చుకుని వాటి వైపు చూస్తూ కూర్చుంది. "పెట్టె లేకపోయినా నడుస్తుంది మామా. కానీ దేని మీద పెట్టాల? మంచం మీద పెడితే కాలుతుంది. బీరువా మీద పెడితే అది ఇనుము, షాక్."

అప్పుడు నాకు గ్రంథాలయంలోని విద్యుత్తు పుస్తకంలో చూసిన ఒక బొమ్మ కళ్ల ముందుకు వచ్చింది. వెనకటి రోజుల్లో కరెంటు కార్ఖానాల్లో స్విచ్చులన్నీ పెద్ద పెద్ద పలక బండల మీద బిగించేవాళ్లు. పలకరాయిలో కరెంటు పారదు, వేడికి కాలదు. నేను పనిచేసేది పలకల కార్ఖానాలో. చుట్టూ ఆ రాయి తప్ప ఇంకేమీ ఉండదు. అయినా ఆ క్షణం దాకా నాకు తోచలేదు. పోయి, మేస్త్రీని అడిగి, వేలు మందాన ఉన్న నున్నటి బండ ఒకటి తెచ్చాను.

"పలక మీద కంప్యూటరా?" అంది కోడలు. "జట్టులో తెలిస్తే నన్ను ఒకటో తరగతి అంటారు."

"చెప్పొద్దు."

ఆమె బండ మీద అరచెయ్యి తిప్పి చూసింది. "సరే గానీ, రాయిలో ఇనుము జీర ఉంటే?"

ఆ ప్రశ్నకు నాకు ఛాతీ పొంగింది. పుస్తకంలో ఆ సంగతీ ఉంది. వీధి చివరి ఎలక్ట్రీషియన్ దగ్గర, కరెంటు పారే చోట కూత పెట్టే మీటరు తెచ్చి, బండంతా వేలెడు వేలెడు దూరంలో ఆనించి చూశాం. ఎక్కడా కూత పెట్టలేదు.

పొద్దు గూకే లోపల బిగించాం. పెట్టె లేదు కాబట్టి స్విచ్చూ లేదు. బోర్డు మీద సూదుల్లాంటి రెండు పిన్నుల్ని స్క్రూడ్రైవర్ మొనతో తాకించి మొదలుపెట్టాలి. ఆమె తాకించింది. ఫ్యాన్లు తిరిగాయి. టీవీలో మాత్రం ఏమీ రాలేదు. నేను దారి ఎక్కడ ఇరుకైందా అని ఒక్కొక్క భాగమే ఆలోచిస్తుంటే ఆమె రిమోట్ తీసుకుని, టీవీని కంప్యూటర్ వైపు మార్చే మీట నొక్కింది. బొమ్మ వచ్చింది.

"దారిలో రిమోట్ కూడా ఉంది మామా" అంది.

ఆ రాత్రే కోడలు నా ఫోన్ నెట్ కలిపి ఆటను ఎక్కించుకుంది. ఆదివారం సాయంత్రం అక్క మిషను మూసి స్టూలు తెచ్చుకుని కూతురి పక్కనే కూర్చుంది. మగపిల్లల మాటలు తనకూ వినబడాలని స్పీకర్ పెట్టించింది. ఆట మొదలైంది. మా పిల్ల ముఖం నేను ఎన్నడూ చూడనంత నిమ్మళంగా ఉంది. చేతులు మాత్రం మిషను మీద వాళ్లమ్మ చేతుల్లాగే పరిగెత్తుతున్నాయి.

"అక్కా, ఎడం పక్క ఇద్దరు" అన్నాడు స్పీకర్‌లో ఒక అబ్బాయి.

"చూసినా. నువ్వు వెనక్కి పో, నేను చూసుకుంటా."

"ఎవురే ఆ పిల్లోడు?" అంది అమ్మ.

"వినుకొండ అబ్బాయి అవ్వా."

"అన్నం తిన్యాడంటనా?"

స్పీకర్‌లో నవ్వులు. "తినలేదు అవ్వా, ఆట అయినాక" అన్నాడు ఆ అబ్బాయి.

ఆ ఆట వాళ్లు ఓడిపోయారు. ఆట ఏమీ తెలియని నాకు కూడా, మా పిల్ల వల్ల ఓడిపోలేదని తెలిసింది. తర్వాత నంద్యాల అబ్బాయి, జట్టు నాయకుడు, "అక్కా, నువ్వు మాతోనే ఉండు. రోజూ ఏడున్నరకు ప్రాక్టీసు. కుదురుతుందా?" అని అడిగాడు.

కోడలు తల తిప్పి వాళ్లమ్మ వైపు చూసింది. అక్క తెర వైపే చూస్తోంది. అందులో జట్టు ఐదుగురి పేర్లూ పాయింట్ల వరసలో ఉన్నాయి, మా పిల్ల పేరు అన్నింటికంటే పైన.

"ఏడున్నరకు ఇంట్లో అన్నాలు" అంది అక్క, స్పీకర్‌కు వినపడేటట్టు. "ఎనిమిదిన్నరకు పెట్టుకోమను."

అవతల గుసగుసలు వినిపించాయి.

"సరే ఆంటీ, ఎనిమిదిన్నర" అన్నాడు నంద్యాల అబ్బాయి.