వంటింట్లో వేలాడిన కొమ్ము

నా పేరు ఓబులమ్మ. పాస్‌పోర్టులో అరవై మూడేళ్లు, మా అమ్మ లెక్కలో ఇంకో రెండు. సొంతూరు కడప జిల్లా. ఇరవై ఏళ్లుగా నేనుండేది ఒమాన్‌లో, సూర్ వెనక కొండల్లో, బాబా ఇంట్లో. ఇక్కడ ఇంటి యజమానిని బాబా అని, ఆయన భార్యను మామా అని పిలుస్తాం. మంచం పట్టిన మామా, వాళ్ల కొడుకు, వంటకు నేను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే కాకినాడ పిల్ల, నర్సు మేరీ రత్నం రాస్తోంది.

బాబా పోయిన శుక్రవారం చనిపోయారు. తెల్లవారి నమాజుకు కాళ్లూ చేతులూ కడుక్కుంటూ గోడకు ఆనుకున్నారట, అంతే. కొడుకు వచ్చి వంటింటి గడప అవతల నిలబడి ఆ మాట చెప్పాడు. వేళ్లకంటిన పిండి ఎండిపోయేదాకా నేను కదల్లేదు.

ఆయన పని కొండకు కాపలా. ఆ కొండ మీద తహర్ అనే అడవి మేక ఉంటుంది. ఈ వైపు కొండల్లోనే పుట్టి పెరిగే జీవమట. ఎర్రమట్టి రంగు, వీపు మీద జూలు, వెనక్కి వంగిన కొమ్ములు. వేటగాళ్లు, ఊరి మేకలు, కరువు కలిసి దాన్ని అంతరించే కొసకు తరిమాయి. బాబా తన మందను అమ్మేశారు. కొండ మీది గడ్డి తహర్‌కే చాలడం లేదని, తన మేకలు అందులో వాటాకు వెళ్లకూడదని.

పొద్దున్నే మిద్దె మీద బట్టలు ఆరేస్తుంటే ఒక్కోసారి దుర్భిణి పిట్టగోడ మీద పెట్టి చూడమనేవారు. లోయలోంచి మంచు లేచేది. అందులో కొండ ఉందో లేదో తెలిసేది కాదు. రాయి అనుకున్నది నెమ్మదిగా తల తిప్పేది. మేక అనుకున్నది ఎంతసేపు చూసినా రాయిగానే ఉండేది. ఆయన మాత్రం కళ్లు చికిలించి, అది ఆడది, పక్కన పిల్ల ఉంది, నీళ్లకు దిగుతోంది అని చెప్పేవారు. నాకు ఏమీ కనిపించకపోయినా కనిపించినట్టే ఉండేది. ఆ కాసేపు నా కీళ్ల నొప్పులు, ఊళ్లో కూతురు, అన్నీ ఎక్కడో దూరంగా తేలిపోయేవి.

కొండ మీద తిన్న ఖర్జూరం గింజలు కూడా జేబులో వేసుకుని తెచ్చేవారు. "ఓబులా, అక్కడ మన పని చూడటమే. వేయకూడదు, తీయకూడదు" అనేవారు. సగం అరబ్బీ, సగం హిందీ, మిగతాది చేతులు.

ఇప్పుడు అసలు సంగతి. మూడు రోజుల సంతాపానికి వచ్చినవాళ్లకు వండటానికి పెద్ద డేగిశాలు కావాల్సి వచ్చాయి. అవి తీయడానికి ఒక చుట్టం వంటింట్లోంచి వెనక గదిలోకి వెళ్లాడు. వెల్లుల్లి గుత్తి వేలాడుతున్న కొమ్మును చూసి, అది తహర్ కొమ్మని గుర్తుపట్టాడు. కాపలావాడే వేటగాడన్న మాట సాయంత్రానికి ఊరంతా పాకింది. కొండ మీద కొత్తగా కట్టిన కాపలా గదికి బాబా పేరు పెడదామనుకున్నవాళ్లు ఆపేశారు. కొడుకు తల వంచుకుని కూర్చున్నాడు. సూర్‌లో మన తెలుగువాళ్ల రూముల్లో కూడా ఇదే ముచ్చట అని విన్నాను. అందుకే ముందు తెలుగులో చెబుతున్నా, బాగా వినండి.

ఆ కొమ్ము తెచ్చింది నేను. తొమ్మిదేళ్ల కిందట వాగు పొంగి తగ్గిన మర్నాడు, జ్వరంతోనే డ్యూటీకి వెళ్లిన ఆయనకు గంజి పట్టుకుని కొండ కిందికి వెళ్లాను. ఇసుకలో తెల్లగా పడి ఉంది. నా కంటికి అది మేక కొమ్ము. మా అమ్మ ఇంట్లో అలాంటిదానికే వెల్లుల్లి కట్టేది. కొంగులో చుట్టుకుని తెచ్చాను, తాడు కట్టాను, మరిచిపోయాను.

బాబా చూడలేదా అంటారు. ఎలా చూస్తారు? పరాయి ఆడమనిషి పని చేసుకునే గదిలోకి ఆయన అడుగు పెట్టేవారు కాదు. మంచినీళ్లు కావాలన్నా గడప అవతల నిలబడి దగ్గేవారు. నేను గ్లాసు గడప మీద పెట్టి పక్కకు జరిగితే తీసుకునేవారు. ఇరవై ఏళ్లలో ఆ గడప దాటలేదు. ఆ మర్యాదే ఈ రోజు ఆయన మీద నేరమై కూర్చుంది.

ఇది రాస్తుండగా మేరీ రత్నం పెన్ను ఆపింది. "అమ్మా, కొండ మీంచి ఏం తెచ్చినా తప్పేనంటండీ ఇక్కడ. మిమ్మల్ని ఇంటికి పంపేస్తారేమో."

"పంపనీలే పాపా. భయం నాది, చెయ్యి నీది. నువ్వు రాయి."

కొడుకు దీన్ని అరబ్బీలో రాయించి కొండ కాపలా ఆఫీసు ముదీర్‌కు, అంటే అక్కడి పెద్దాఫీసరుకు ఇస్తాడు. ముదీర్ సాబ్, శిక్ష ఉంటే నాకు వెయ్యండి. ఆయన పేరు ఆయనకు ఇవ్వండి.

ఇక్కడ ఆడవాళ్లు శ్మశానానికి వెళ్లరు. ఆయన్ను తీసుకెళ్తుంటే నేను మిద్దె ఎక్కాను. మోసేవాళ్ల తెల్ల టోపీలు ఒక్కొక్కటే మంచులోకి వెళ్లిపోయాయి. పైన కొండ అంచున ఏదో కదిలింది. తహరో, ఊరి మేకో, ఎండ తగిలిన రాయో. అడుగుదామని పక్కకు తిరిగాను.

ఓబులమ్మ బొటనవేలి ముద్ర

సాక్షులు: మేరీ రత్నం, నర్సు, రాసింది కూడా ఈమే
పుల్లయ్య, నీళ్ల ట్యాంకర్ డ్రైవర్